అనుబంధంలో మిగిలిన భాష

(ఒక సాహితీ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ పూసల దండ ఒకటి ముందు వరుసలోకి ఇస్తున్నాను. చూసి పక్కవాళ్ళకి అందించండి. చివరికి మాత్రం నా దగ్గరికే రావాలి, మా ఇంట్లో లెక్క చెప్పుకోవాలి. (నవ్వులు)

ఇది మా మేనల్లుడు తెచ్చాడు. వాడు ఘనాలో టెమా అనే రేవు పట్టణంలో రెండేళ్ళు పనిచేశాడు. దండ కొన్నది అగొమాన్యా అనే ఊరి సంతలో. పసుపుపచ్చ పూస మీద ఎర్రచారలు, మధ్యలో నీలం చుక్క, చూశారు కదా. ఆ పూస ఒకప్పుడు సీసా. పగిలిన సీసాలను రోట్లో వేసి పిండిలా దంచుతారు. జల్లించి, మట్టి అచ్చులో చేసిన చిన్న చిన్న గుంటల్లో పోస్తారు. ప్రతి గుంటకీ నడిమధ్య కర్రపెండలం ఆకు కాడ ముక్క ఒకటి నిలబెడతారు. బట్టీలో పెడితే గాజు కరిగి అంటుకుంటుంది, కాడ కాలి బూడిదవుతుంది. దారం ఎక్కించే బెజ్జం అలా వస్తుంది. ఆ తరవాత ఇసుకా నీళ్ళూ వేసి రాతి మీద అరగదీస్తారు. నేను దానికేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పైకి ఏమీ కనబడదు గానీ, ఇందులో ఎవరెవరో తాగి పారేసిన సీసాలున్నాయి.

ఈ పూసలు చేసేవాళ్ళు క్రోబోలు. వాళ్ళ భాష పేరు డాంగ్మే. అడాంగ్మే అని కూడా పుస్తకాల్లో కనబడుతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే. "ఏమండీ, మనకేం సంబంధం?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. సంబంధం ఉందని నేను బలవంతంగా లాక్కురాను. రెండు మూడు చోట్ల నిజంగానే దారాలు కలుస్తాయి, అక్కడ చెబుతాను.

ముందు పేరు పలకడం చూద్దాం. మనం డాంగ్మే అని గ పలుకుతున్నాం, నిజానికి అందులో గ లేదు. మనందరం అక్షరమాలలో వల్లెవేసి, ఆ తరవాత జీవితంలో ఒక్కసారీ వాడని అక్షరం ఒకటుంది కదా, ఙ. అది పలుకుతూనే పెదవులు మూసి మ కూడా పలకాలి. రెండూ ఒకేసారి, ఒకదాని తరవాత ఒకటి కాదు. ఙ్మ. డాఙ్మె. ప్రయత్నించండి. (నవ్వులు) పరవాలేదు, నాకూ వారం పట్టింది. ఇలాంటి జంట ధ్వనులు అక్కడ ఇంకో రెండున్నాయి. క, ప కలిపి క్ప. గ, బ కలిపి గ్బ. గొంతు వెనక ఒక తలుపు, పెదవుల దగ్గర ఒక తలుపు, రెండూ ఒక్కసారే తీసినట్టు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో చాలా భాషల్లో ఇవి ఉన్నాయి కాబట్టి వీటిని చూసి మాత్రమే చుట్టరికం తేల్చలేం. కానీ చెవికి మొదట తగిలేవి ఇవే.

ఎక్కడ మాట్లాడతారు? ఘనా పటంలో ఆగ్నేయ మూల చూడండి. వోల్టా నది వచ్చి సముద్రంలో కలిసే చోట అడా. అక్కడి నుంచి పడమరగా తీరం వెంట నింగో, ప్రంప్రం. లోపలికి వెళితే షాయి కొండలు, ఓసుడోకు. ఇంకా ఉత్తరంగా రెండు క్రోబో రాజ్యాలు, మాన్యా క్రోబో, యిలో క్రోబో. ఒడుమాసే, సొమాన్యా వాటి పట్టణాలు. మనిషి సంఖ్యలో క్రోబోలదే పైచేయి. ఊరు మారితే యాస మారుతుంది. అడా మనిషి మాట్లాడితే క్రోబో మనిషి ఇట్టే పట్టేస్తాడు, మన దగ్గర శ్రీకాకుళం వాళ్ళని చిత్తూరు వాళ్ళు పట్టినట్టు.

వీళ్ళకి పడమట రాజధాని అక్రా. అక్కడి మూలవాసుల భాష పేరు "గా". ఉత్తరాన, వాయవ్యాన అకాన్ భాష మాట్లాడేవాళ్ళు, దాని మాండలికాల్లో మనం ఎక్కువగా వినేది ట్వి. నది దాటితే తూర్పున ఎవే. మధ్యలో కొండల మీద అక్కడక్కడా గువాన్ భాషల వాళ్ళు. అంటే ఏ దిక్కుకు నడిచినా ఒక పూటలో ఇంకో భాషలో పడతారు. డాంగ్మే మాట్లాడే మనిషికి మూడు భాషలు రావడం అక్కడ గొప్పేమీ కాదు. 2021 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 3 కోట్ల 8 లక్షలు. అందులో అకాన్ వర్గం 45 శాతం పైమాటే. గా, డాంగ్మే రెంటినీ ఒకే గడిలో వేసి లెక్కపెడితే దాదాపు 7 శాతం.

చూశారా, అక్కడే ఉంది నా గొడవంతా. "రెంటినీ ఒకే గడిలో".

1858లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒక పుస్తకం అచ్చయింది. రాసినవాడు యోహానెస్ జిమ్మర్‌మాన్, బాసెల్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ పంపిన పాదిరి. అది గా భాషకు వ్యాకరణం, పదకోశం. ఆ పుస్తకం పేరు బారెడు. ఆ పేరు చివర్లో ఉంటుంది, "అడాంగ్మే మాండలికం మీద ఒక అనుబంధంతో" అని. డాంగ్మే అచ్చులోకి వచ్చిన తీరు అదీ. పక్కింటి భాష పుస్తకంలో, చివరి పేజీల్లో, మాండలికం అన్న ముద్రతో.

మనకి తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. అనుబంధం అంటే పుస్తకం చివర తగిలించినదీ అవుతుంది, మనుషుల మధ్య ఉండే బంధమూ అవుతుంది. డాంగ్మే విషయంలో మొదటి అర్థం వందేళ్ళు నడిచింది. రెండో అర్థం ఏమిటో తేల్చడానికి భాషాశాస్త్రజ్ఞులు చాలా కష్టపడాల్సి వచ్చింది.

జిమ్మర్‌మాన్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన 1850లో అక్కడికి వెళ్ళాడు. మరుసటి ఏడాది కేథరిన్ మల్‌గ్రేవ్‌ను పెళ్ళాడాడు. ఆవిడ కథ విడిగా ఒక సాయంత్రం చెప్పుకోవాలి. అంగోలాలో చిన్నపిల్లగా ఉండగా ఎత్తుకుపోయారు, బానిసల ఓడ జమైకా దగ్గర బద్దలైంది, అక్కడ చదువుకుని, పెద్దయ్యాక టీచర్‌గా మళ్ళీ ఆఫ్రికాకి వచ్చింది. ఆయన ఒడుమాసేలో, అంటే క్రోబోల నడుమ, ఏళ్ళ తరబడి ఉన్నాడు. 1866కల్లా గా భాషలో బైబిలు పూర్తిచేశాడు. మనిషి పనిమంతుడు. అయితే మిషన్‌కి కావలసింది ఒకే పుస్తక భాష. అక్రా తీరంలో ఉంది, గా దానికి కుదిరింది. దాంతో క్రోబో పిల్లలు ఇంట్లో డాంగ్మే మాట్లాడుతూ, చర్చిలో గా చదవడం అలవాటైపోయింది. డాంగ్మేలో కొత్త నిబంధన 1977లో గానీ రాలేదు. పూర్తి బైబిలు 1999లో. గా బైబిలుకీ దీనికీ మధ్య 133 ఏళ్ళు.

మొదటి దారం ఇక్కడ కలుస్తుంది. ఆ బాసెల్ మిషనే మన పక్కన మంగళూరులోనూ పనిచేసింది. మలయాళ నిఘంటువు కట్టిన గుండర్ట్, కన్నడ నిఘంటువు కట్టిన కిట్టెల్ ఆ సంస్థ మనుషులే. గుండర్ట్ మంగళూరు చేరకముందు మన చిత్తూరులోనూ ఉన్నాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది, జిమ్మర్‌మాన్ పుస్తకం 1858లో. ఆ కాలం గాలే అది. ఎక్కడ ఏ భాష దొరికితే దానికి చుట్టాలెవరా అని వెతికారు.

రెండో దారం ఇంకా ముందుది. 1850 దాకా ఆ తీరంలో డెన్మార్క్ వాళ్ళ కోటలుండేవి. అక్రా పక్కన ఓసులో, నింగోలో, అడాలో. మన తమిళ తీరంలో తరంగంబాడి కూడా వాళ్ళదే. దాన్ని 1845లో బ్రిటిష్ వాళ్ళకి అమ్మేశారు, ఆఫ్రికా కోటలను 1850లో అమ్మేశారు. డెన్మార్క్‌లో రాస్మస్ రాస్క్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. ఐరోపా భాషల చుట్టరికాలను ధ్వనుల లెక్కలతో చూపించిన తొలి తరం వాళ్ళలో ఒకడు. ఆయన ఇండియా, సిలోన్ తిరిగి 1823లో కోపెన్‌హాగెన్ చేరాడు. 1828లో ఆయనే గా భాష మీద ఒక పుస్తకం వేశాడు. భాషల వంశవృక్షాలు గీయడం నేర్పినవాళ్ళలో ఒకడి బల్ల మీదకి గా వెళ్ళింది. డాంగ్మే వెళ్ళలేదు. అదృష్టం అంటే అదీ.

సరే, మాండలికమా, భాషా? నేను చెప్పడం ఎందుకు, అంకెలు లెక్కపెడదాం. డాంగ్మేలో ఒకటి నుంచి: కాకే, ఎన్యొ, ఎటె, ఎయ్వియె, ఎనువొ, ఎక్పా, క్పాగో, క్పాన్యొ, నే, న్యొఙ్మా. ఇప్పుడు గా: ఎకోమే, ఎన్యొ, ఎటె, ఎజ్వె, ఎనుమొ, ఎక్పా, క్పావో, క్పాన్యొ, నేహు, న్యొఙ్మా.

రెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది అచ్చంగా ఒకటే. ఒకటి అనే అంకె మాత్రం పూర్తిగా వేరు. నాలుగు దగ్గర ఆగండి. డాంగ్మేలో ఎయ్వియె, నోరంతా తిప్పుకుంటూ వెళ్ళాలి. గాలో ఎజ్వె, నలిగి చిన్నదైపోయింది. అయిదులో డాంగ్మే మ పోగొట్టుకుంది, గా దాచుకుంది. అంటే ఒకటి అసలూ, ఇంకోటి దాని చెడిన రూపమూ కాదు. ఒక పాత ఇంటి సామాను ఇద్దరు పంచుకున్నారు. కొన్ని ఒకరి దగ్గర భద్రంగా ఉన్నాయి, కొన్ని ఇంకొకరి దగ్గర. ఎనిమిది ఇంకా ముచ్చటగా ఉంది. క్పా అంటే ఆరు, న్యొ అంటే రెండు. ఆరూ రెండూ ఎనిమిది! మన తొమ్మిదిలో పది దాక్కున్నట్టు.

పక్కన ఎవేని పెట్టండి. మూడుకి ఎతొ, డాంగ్మే ఎటెకి దగ్గరే. నాలుగుకి ఎనె. అయిదుకి అతొ, ఇక్కడ దారి వేరైంది. అకాన్‌లో చూస్తే నాలుగు ఎనాన్, అయిదు ఎనుమ్. ఆ ఎనుమ్‌ని గా వాళ్ళ ఎనుమొ పక్కన పెట్టి చూడండి. నేను మొదటిసారి కాగితం మీద ఈ నాలుగు వరుసలూ రాసుకున్నప్పుడు పెళ్ళిలో ముక్కులు చూసి ఎవరి పిల్లలో చెప్పే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

ముక్కు చూసి చెబితే ఒక్కోసారి తప్పు పోతుంది కూడా. దేవుడికి డాంగ్మేలో మావు అంటారు. ఎవేలోనూ మావు. గాలో న్యొఙ్మొ. ఈ ఒక్క మాట పట్టుకుంటే డాంగ్మే ఎవేకి చెల్లెలనీ, గాకి ఏమీ కాదనీ అనాలి. అది నిలవదు. దేవుడి పేరు, సంతలో సరుకు పేరు, ఆయుధం పేరు, ఇవన్నీ పొరుగు నుంచి ఎగిరొచ్చి వాలతాయి. భాషాశాస్త్రజ్ఞులు ఒళ్ళు, నీళ్ళు, నిప్పు, అంకెలు, ప్రత్యయాల వంటి వాటినే ఎక్కువ నమ్ముతారు. నీళ్ళు డాంగ్మేలో న్యు, గాలో ను. నిప్పు రెంటిలోనూ లా. లోపల అన్నదానికి డాంగ్మేలో మి, గాలో మ్లి. ఇంకా గట్టి సాక్ష్యం, క్రియని నామవాచకంగా మార్చే తోక. డాంగ్మేలో అది మి, గాలో మొ. ప్రేమని డాంగ్మేలో సువొమి అంటారు, గాలో సువొమొ. ఇలా తోక తోకకీ లెక్క కుదిరితే అది అరువు కాదు, రక్తం.

శృతి సంగతి కూడా ఉంది. ఇవన్నీ స్వర భాషలు, మాట ఎత్తులో పలికామా కిందికి పలికామా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. డాంగ్మేకి మూడు మెట్లు, సంగీతం వాళ్ళ మాటల్లో మంద్రం, మధ్యమం, తారం అనుకోండి. గాకి రెండే. "మాండలికం" అన్నదానికి ఒక మెట్టు ఎక్కువుంది, గమనించండి. వీటి మీద జీవితమంతా పెట్టినవారు మేరీ ఎస్తేర్ క్రోప్ డకుబు. పుట్టింది అమెరికాలో, పనిచేసింది ఘనా విశ్వవిద్యాలయంలో. డాంగ్మే మీద ఆవిడ పుస్తకం 1987లో వచ్చింది. గా, డాంగ్మే రెండూ ఒక తల్లి పిల్లలని చూపించి, ఆ తల్లి భాష ఎలా ఉండి ఉంటుందో ధ్వని ధ్వనీ కూర్చే పని ఆవిడ చేశారు. 2016లో పోయారు.

మరి పై తరం చుట్టాలెవరు? క్వా అని ఒక కుటుంబం. ఆ మాటను 1895లో క్రౌజె అనే జర్మన్ వాడుకలోకి తెచ్చాడు, ఆ భాషల్లో చాలావాటిలో "మనుషులు" అనే మాట నుంచి తీసుకుని. ఆ తరవాత ఆ క్వా అనే ఇంట్లోకి ఎవరెవర్నో చేర్చారు. 1963లో ఆఫ్రికా భాషల వర్గీకరణ మీద గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రజ్ఞుడి పెద్ద పుస్తకం వచ్చేసరికి నైజీరియాలోని యోరుబా, ఇగ్బోలు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాయి. పద్నాలుగేళ్ళకి, 1977లో, బెన్నెట్, స్టెర్క్ అని ఇద్దరు లెక్కలు మళ్ళీ చూసి వాటిని ఇవతలికి తీసేశారు. రేషన్ కార్డులో పేర్లు చేర్చడం, తీసేయడం లాగే ఉంటుంది ఇది కూడా. (నవ్వులు) స్టువర్ట్ అనే పండితుడు చివరికి గట్టిగా నిలబడతాయన్న గుంపులు అయిదు తేల్చాడు. అకాన్ ఉన్న పొటు-తానో గుంపు, గా-డాంగ్మే గుంపు, టోగో కొండల్లోని రెండు చిన్న గుంపులు, ఎవే, ఫాన్ ఉన్న గ్బె గుంపు. ఈ అయిదింటినీ కలిపిన క్వా కుటుంబం నైజర్-కాంగో అనే మహా కుటుంబంలో ఒక కొమ్మ. ఆ మహా కుటుంబంలోనే దూరాన స్వాహిలీ, జులూ ఉన్నాయి.

గమనించారా, లక్షల మంది మాట్లాడే అకాన్‌కీ గ్బెకీ నడుమ గా-డాంగ్మే ఒక గుంపు మొత్తంగా నిలబడింది, రెండే రెండు భాషలతో. అటు పెద్ద గుంపులోనూ చేరలేదు, ఇటు పెద్ద గుంపులోనూ చేరలేదు.

ఇక్కడొక సరదా మాట. గ్బె అన్న పేరుకి ఆ భాషల్లో అర్థం "భాష, గొంతు". డాంగ్మేలో భాషకి గ్బి అంటారు. డాంగ్మే గ్బి అంటే డాంగ్మే భాష.

గా-డాంగ్మే వాళ్ళు ఇజ్రాయెల్ నుంచి వచ్చారన్న మాట ఒకటి అక్కడ బాగా తిరుగుతుంది. పండగల్లో పోలికలు చూపిస్తారు. వాళ్ళ పెద్దల నోటి కథల్లో తూర్పు నుంచి నడిచొచ్చిన సంగతి, టగొలొగో అనే మైదానంలో ఆగిన సంగతి ఉన్నాయి, వాటిని నేను గౌరవిస్తాను. కానీ హీబ్రూ మాట మాత్రం భాష ఒప్పుకోదు. ఆరూ రెండూ ఎనిమిది అనే భాష, స్వరం మారితే అర్థం మారే భాష, హీబ్రూ వంశంలోది కాదు. గొప్ప ఇంటి పేరు తగిలించుకోవాలన్న సరదా ఎవరికైనా ఉంటుంది. మనమూ తెలుగు సంస్కృతం కడుపున పుట్టిందని చాలాకాలం చెప్పుకున్నాం. గోండిని ఇప్పటికీ యాస అనేవాళ్ళున్నారు, అది తెలుగుకి సొంత చెల్లెలు వరస.

మనకి వినగానే ఇంటిదిలా అనిపించేదొకటి చెబుతాను. ఇంగ్లీషు లాగా ఈ భాషలు "మీద, కింద, వెనక" అన్నవాటిని పేరుకి ముందు పెట్టవు, మన లాగే తరవాత పెడతాయి. అవి చాలావరకు ఒంటి భాగాల పేర్లు. డాంగ్మేలో సె అంటే వీపు. ఇంటి వెనక అనాలంటే "ఇల్లు వీపు" అన్నట్టు చెబుతారు. నవ్వకండి. మన వెనక ఎక్కడి నుంచి వచ్చింది? వెన్ను నుంచే. ఇందులో చుట్టరికం ఏమీ లేదు, మనిషికి వీపు ఎక్కడైనా వెనకే ఉంటుంది. కానీ వాక్యం మధ్యలో మనలా ఉండవు. కర్త, క్రియ, కర్మ, ఆ వరస. ఆడ మగ తేడా కూడా సర్వనామంలో లేదు, ఎ అంటే ఆయనా ఆవిడా అదీ అంతా. ఆవిడ "వచ్చింది" అని ఆడమనిషినీ మేకనూ ఒకే క్రియలో కట్టేసే మనం దీని మీద వ్యాఖ్యానం చేయకపోవడం మంచిది.

చరిత్ర ఎలా మాటలో దాక్కుంటుందో ఒక్కటి చెప్పి ఆపుతాను. క్రోబోలు తరతరాలుగా క్రోబో కొండ మీద ఉండేవాళ్ళు. 1892లో బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళని కొండ దింపేసింది. ఆడపిల్లలు పెద్దమనుషులయ్యేటప్పుడు చేసే డిపో అనే వేడుకను కూడా అప్పుడే నిషేధించింది. డిపో ఆగలేదు, ఇవాళ్టికీ చేస్తారు. ఈ పూసలు ఆ పిల్లల ఒంటి నిండా ఉంటాయి. క్లామా అనే పాటలు పాడతారు. యిలో క్రోబో వాళ్ళు ఏటా చేసుకునే పండగ పేరు క్లోయోసిక్ప్లెమి. నోరు తిరగడం లేదు కదా, విడదీద్దాం. క్లో అంటే క్రోబో. యో అంటే కొండ. సిక్ప్లెమి అంటే దిగిరావడం. చివర ఆ మి చూశారా, ఇందాక ప్రేమలో ఉన్న తోకే. మాన్యా క్రోబో వాళ్ళ పండగ ఙ్మాయెమ్, ఙ్మా అంటే చిరుధాన్యం, యె అంటే తినడం. కొత్త పంట తినే పండగ.

ఇప్పుడు డాంగ్మే పరిస్థితి ఏమిటని ఇందాక చీటీ పంపారు. ప్రభుత్వ సంస్థ ఘనా భాషల బ్యూరో పుస్తకాలు వేసే భాషల్లో డాంగ్మే ఒకటి, గాతో పాటు, విడిగా. బడుల్లో బోధిస్తారు. వినెబా విద్యా విశ్వవిద్యాలయంలో టీచర్లకి శిక్షణ ఉంది. అక్రా పెరుగుతూ పెరుగుతూ ట్వి మాట్లాడుతోంది, ఆ ఒత్తిడి గా మీదా ఉంది, డాంగ్మే మీదా ఉంది. నాకు ఎక్కువ నచ్చింది రేడియో అడా. 1998లో మొదలైంది, ఘనాలో మొదటి కమ్యూనిటీ రేడియో అదే. ప్రసారాలు డాంగ్మేలో. అడా పక్కన సోంగోర్ అనే ఉప్పు మడుగుంది, ఎండాకాలం నీళ్ళు ఇంకితే ఆడవాళ్ళు ఉప్పు ఏరుతారు. ఎగువన ఆకొసొంబో ఆనకట్ట కట్టాక నది నడక మారి జాలర్ల బతుకూ మారింది. చేపల ధర, ఉప్పు గొడవలు, చావు కబుర్లు, అన్నీ ఆ మూడు మెట్ల స్వరంలోనే రేడియోలో వస్తాయి. మా వాడు రికార్డు చేసి పంపిన ముక్క ఒకటి నా ఫోన్‌లో ఉంది, కావలసినవాళ్ళకి టీ తాగేటప్పుడు వినిపిస్తాను. నాకు అందులో అర్థమయ్యేవి అంకెలే.

దండ ఎక్కడిదాకా వచ్చిందండీ? ఆ మూడో వరుసలో ఎవరో మెళ్ళో వేసుకున్నారు.